తేట ఆకాశం, పదకొండు డిగ్రీలు

డోన్,
జనవరి 8, 2025

వసంతకుమార్ సార్‌కు,

నమస్కారం. నేను కంబన్నను. మొన్న ఆదివారం గండికోటలో లోయ అంచున నిలబడి, మా ఆవిడ చంద్రకు చేతులు ఊపుతూ విమానం ఎట్లా పోనిస్తానో చెబుతున్న మనిషిని. "ఈ మలుపులో ఎడమకు వంచి, ఆ రాయి పక్కన పైకి లేపుతా" అంటుంటే, పక్కనున్న మీరు "ఎంత స్పీడులో?" అని అడిగారు. నూట ఇరవై నాట్లు అన్నాను. "అయితే ఆ రాయి కాడనే సచ్చిపోయింటావప్పా" అన్నారు. మా ఆవిడ దాన్ని తలుచుకుని ఇప్పటికీ నవ్వుతోంది.

ఫోన్ నంబరు అడిగితే చెవి మిషను చూపించారు. ఇరవై ఏళ్లకు పైగా ఎయిర్‌ఫోర్సు ఇంజన్ల మోత విని చెవులు పోయాయనీ, ఎదురుగా ఉన్న మనిషి మాట వినబడుతుంది గానీ ఫోన్‌లో గుయ్‌మనడం తప్ప ఏమీ రాదనీ చెప్పి చిరునామా రాసిచ్చారు. అందుకే ఈ ఉత్తరం. పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత పొడుగు రాయడం ఇదే.

నాకు డోన్ స్టేషన్ రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుడతాను. షాపు వెనక గదిలో నా విమానం ఉంది. కంప్యూటరు, మూడు తెరలు, పాత వ్యాను సీట్లు రెండు, ట్రాక్టరు నుంచి పీకిన లివర్లు. కరెంటు ఉంటే మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక గంట అందులోనే. పద్నాలుగేళ్లలో నాలుగు వేల గంటలు తోలాను. నిజం విమానం ఒక్కసారి కూడా ఎక్కలేదు. పెద్దగా ఆశ కూడా లేదు, ఎక్కితే నన్ను వెనక కూర్చోబెడతారు.

మీరు తోలిన రెండు ఇంజన్ల రవాణా విమానం నా దగ్గర కూడా ఉంది. ఎవరో ఓపిగ్గా తయారు చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. అది ఎంత నిజమో మీరొకసారి వచ్చి చూసి చెప్పాలి. చంద్ర కూడా మరీమరీ రమ్మంటోంది. నన్ను ఇంకెవరైనా తిడితే వినాలని ఆమెకు కోరిక.

ఇట్లు,
కంబన్న


కడప,
జనవరి 20, 2025

కంబన్నకు,

ఉత్తరం అందింది. రాత గుండ్రంగా బాగుంది. ఆ లోయలో స్పీడు మాత్రం ఇంకా తప్పే.

నీవి నాలుగు వేల గంటలు, నావి ఐదు వేల రెండు వందలు. మనకు పెద్ద తేడా లేదు. పడిపోతే నువ్వు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టుకోవచ్చు, అంతే.

నా గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మా నాన్న ఏసేపు కూలి పనికి పోతూ, మా ఊరి చర్చిలో గంట కొడుతూ నన్ను చదివించాడు. వింగ్ కమాండర్‌గా రిటైరయ్యాను. మా ఆవిడ కృపమణి పోయి మూడేళ్లయింది. ఆదివారం చర్చికి పోతాను, మిగతా ఆరు రోజులకు పనేమిటో ఇంకా తెలుసుకోలేదు.

ఫిబ్రవరి 13న కర్నూలులో చెవుల డాక్టరు దగ్గరికి రావాలి. రైల్లో వస్తే డోన్ దారిలోనే కదా. తిరుగు ప్రయాణంలో దిగుతాను.

వసంతకుమార్


డోన్,
ఫిబ్రవరి 16, 2025

వసంతకుమార్ సార్‌కు,

నమస్కారం. మీరు వచ్చి వెళ్లి మూడు రోజులైంది. నా మనసు బాగాలేదు.

మీరు ఎడమ సీట్లో కూర్చున్నారు. చూడకుండానే మీ చెయ్యి లివర్ల మీదికి పోయింది. మూడు సార్లు లేపి దించారు. "బ్రేకులు అబద్ధం, తక్కినేదంతా పర్వాలేదప్పా" అన్నారు. నాకు ఆ మాట చాలు, వీధంతా చెప్పుకున్నాను. నాలుగోసారి లేపినప్పుడు నేను కుడి సీట్లో కూర్చుని, ఆట పట్టిద్దామని కుడి ఇంజన్ ఆపేశాను. "ఇప్పుడేం చేస్తారు సార్, ఎనక్కి తిప్పుదామా?" అన్నాను.

మీరు రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. విమానం దానంతట అది పోయి నేలను కొట్టుకుంది. మీరు లేచి చెప్పులు వేసుకుని స్టేషన్‌కు వెళ్లిపోయారు. చంద్ర కలిపిన మజ్జిగ అట్లాగే ఉండిపోయింది.

పెద్దాయనతో పరాచికాలేమిటని చంద్ర నన్ను రెండు రోజులుగా మాటలతో దంచుతోంది. తప్పు చేశాను గానీ, ఏం తప్పు చేశానో తెలియడం లేదు. మీరు చెబితే దానికి తగినట్టు క్షమాపణ అడుగుతాను.

కంబన్న


కడప,
ఫిబ్రవరి 24, 2025

కంబన్నకు,

నీ తప్పు లేదు. చంద్రకు ఈ ఉత్తరం చూపించు, దంచడం ఆపుతుంది.

1997 మే 14, మధ్యాహ్నం రెండున్నర. ఆ ఊరి పేరు వద్దు. ఎత్తు రెండు వేల అడుగులు. విమానం నిండా సామాను. నా పక్కన కుడి సీట్లో సుధీర్. ఇరవై ఆరేళ్లు, మీ పక్కనున్న కోడుమూరు వాడు. ఆ స్క్వాడ్రన్‌లో సీమ వాళ్లం మేమిద్దరమే, తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. నేల విడిచి మూడు వందల అడుగులు లేచేసరికి ఒక గద్ద వచ్చి కుడి ఇంజన్‌లో పడింది. ఇంజన్ ఆగిపోయింది. సుధీర్ "సార్, ఎనక్కి తిప్పుదాం" అన్నాడు. నువ్వన్న మాటే.

నేను తిప్పలేదు. తిప్పితే పడిపోతామని అనిపించింది. ఎదురుగా కోత అయిపోయిన పొలాలు కనిపించాయి, తిన్నగా అందులో దించాను. బాగానే దిగింది. జారుకుంటూ పోయి ఒక పొలం గట్టుకు తగిలింది. ముక్కు కుడివైపు నలిగిపోయింది. వెనకున్న ముగ్గురూ నేనూ బతికాం. సుధీర్ ఆ సీట్లోనే పోయాడు.

విచారణలో నా తప్పు లేదని తేల్చారు. కాగితం మీద లెక్కలు వేసి చెప్పారు. నాకు ఆ లెక్కలు చాలలేదు. సుధీర్ మాట విని ఉంటే బతికేవాడా అని ఇరవై ఎనిమిదేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. ఆ గట్టు కూడా నాకు కనబడలేదు. కనబడి ఉండాల్సింది. ఆ పొలానికి నేను మళ్లీ పోలేదు. వాళ్లమ్మ దగ్గరికీ పోలేదు. అంత్యక్రియలప్పుడు ఆసుపత్రిలో ఉన్నాను, ఆ తర్వాత పోవడానికి మొహం చెల్లలేదు.

నువ్వు తిప్పి చూడు. బరువు, ఎత్తు, రన్‌వే పొడవు విడి కాగితంలో రాశాను. ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు. ఒకసారి కాదు, ముప్పై సార్లు తిప్పు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. వాడు చెప్పిందే సరి అయితే, ఆ మాట వాళ్లమ్మకు నేనే పోయి చెప్పాలి. నాకు అరవై రెండు. ఇంకెప్పుడు చెబుతాను.

వసంతకుమార్


డోన్,
మార్చి 9, 2025

వసంతకుమార్ సార్‌కు,

నమస్కారం. ముప్పై సార్లు తిప్పాను. ఒక్కోసారీ ఏమైందో నోటు పుస్తకంలో రాసుకున్నాను.

ఇరవై ఆరు సార్లు రన్‌వే మీదికి వచ్చి క్షేమంగా దిగింది. నాలుగు సార్లు పడింది. ఆ నాలుగూ మొదటి నాలుగే, నా చెయ్యి ఇంకా కుదరనప్పటివి.

నాకిది రాయడం ఇష్టం లేదు. మోటారు పూర్తిగా కాలిపోయిందని చెప్పినప్పుడు రైతు మొహం ఎట్లా మారుతుందో రోజూ చూస్తాను. అయినా కాలినదాన్ని కాలలేదని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పలేను.

ఒక్క మాట మాత్రం గుర్తు పెట్టుకోండి. ఇంజన్ ఆగిపోతుందని ముందే తెలిసి కూర్చున్నవాణ్ణి నేను. మీకు తెలియదు. కోడుమూరు పోయే ముందు ఇంకోసారి ఆలోచించండి.

కంబన్న


కడప,
మార్చి 26, 2025

కంబన్నకు,

కోడుమూరు పోయి వచ్చాను.

వెంకటలక్ష్మమ్మ గారికి డెబ్భై ఆరేళ్లు. బస్టాండు దగ్గర విత్తనాల అంగడి నడుపుతున్నారు. కూతురు శిల్ప తోడుగా ఉంటుంది. నేను ఎవరో చెప్పగానే స్టూలు వేయించారు. మీ అబ్బాయి వెనక్కి తిప్పమన్నాడు, నేను వినలేదు, విని ఉంటే ఈరోజు ఉండేవాడు అని చెప్పాను. ఎట్లా తెలిసిందని అడిగితే నీ సంగతి, ముప్పై సార్ల సంగతి చెప్పాను.

ఆమె అంతా విన్నారు. తర్వాత శిల్పను పిలిచి, "ఇన్నాళ్లూ మావాడు ఏమీ తెలీక, ఊరికే కూసోని పొయినాడనుకున్యా గదే. వానికి తెలిసింది. సెప్పినాడంట" అన్నారు. నా వైపు చూసి, "నువ్వు వినింటే బాగుండు" అన్నారు. అంతకు మించి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నిద్ర సరిగా పట్టడం లేదు. అయినా నువ్వు చేసింది మంచి పనే. తెలియకుండా బతకడం కంటే ఇది నయం. ఇక కొంతకాలం నాకు రాయవద్దు.

వసంతకుమార్


డోన్,
మే 2, 2025

వసంతకుమార్ సార్‌కు,

రాయవద్దన్నారు. అయినా రాయక తప్పడం లేదు.

నేను చెప్పిన లెక్క తప్పు. ఏప్రిల్ 6న తెలిసింది. ఇరవై ఆరు రోజులు దాచాను.

ఆ రోజు చంద్ర గది ఊడుస్తూ తెర మీద అంకె చూసి, "బయట పదకొండు డిగ్రీలంట. యాడ ఉండాదో ఈ ఊరు, మనమూ ఆడికే పోదాం పా" అన్నది. ఆమె నవ్వింది, నేను మీ ఉత్తరం వెతికి తీశాను. మీరు ఆకాశం తేటగా ఉందని రాశారు. ప్రోగ్రాములో వాతావరణం ఎంచుకునే చోట 'తేట ఆకాశం' అని ఒకటుంటే అదే నొక్కాను. మే నెలలో మబ్బు లేదంటే నిప్పులు కురిసే ఎండ అనుకునే సీమవాణ్ణి నేను. ఆ ప్రోగ్రాము తయారు చేసినవాళ్లకు మబ్బు లేదంటే చల్లటి, హాయైన రోజు. రెండు వేల అడుగుల ఎత్తులో పదకొండు డిగ్రీలు పెట్టుకుంది. వేడెక్కితే గాలి పలచబడుతుంది, రెక్కకు పట్టు దొరకదు, ఇంజన్‌కు బలం తగ్గుతుంది. ఇది మీకు నేను చెప్పేదేముంది. ఎండాకాలంలో మోటార్లు ఎందుకు కాలతాయో ఊరందరికీ చెప్పే నేను, ఆ అంకె వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మే నెల మధ్యాహ్నం కదా అని నలభై రెండు డిగ్రీలు పెట్టి మళ్లీ తిప్పాను. ఈసారి నలభై సార్లు. ఒక్కసారి కూడా రన్‌వే దాకా రాలేదు. సగం తిరిగేసరికే ఒక రెక్క వాలి పడిపోతోంది. అట్లా పడితే ముక్కూ తోకా మిగలవు, ఐదుగురూ పోతారు. మీరు తిప్పకపోవడం వల్లే నలుగురు బతికారు. మీరు చేసిందే సరి సార్.

మరి ఎందుకు దాచానంటే, ఏప్రిల్ 10న నేనే కోడుమూరు పోయాను. ముందు ఆమెకు చెప్పి తర్వాత మీకు రాద్దామనుకున్నాను. అంగడి ముందు విత్తనాలు అడిగేవాడిలా నిలబడ్డాను. ఆమె ఎవరో రైతుతో, "మా సుధీరు సెప్పినాడంటప్పా, తిప్పమని. పై ఆఫీసరు వినల్యా. వచ్చి ఒప్పుకొనిపాయ" అంటోంది. మొహం వెలిగిపోతోంది. ఏమీ చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాను. చెబితే ఆమెకు కొడుకు తెలివైనవాడన్న తృప్తి పోతుంది, చెప్పకపోతే మీకు మనశ్శాంతి పోతుంది. రెంటికీ కారణం నేనే. ఏం చేయాలో మీరే చెప్పండి.

కంబన్న


కడప,
మే 12, 2025

కంబన్నకు,

నీ ఉత్తరం చదివాక ఒక పూట నీ మీద కోపం వచ్చింది. తర్వాత నా మీదికే తిరిగింది. ఎక్కడ విమానం ఎక్కినా పైలట్ మొదట అడిగేది వేడి ఎంత అని. ఐదు వేల గంటలు అడిగినవాణ్ణి, నిన్ను అడగలేదు. నా కాగితంలో రాయనూ లేదు. నాకు ఏదో ఒక జవాబు కావాలి, అది నా తప్పని వచ్చినా సరే. అంతకాలం మోశాక మనిషి అట్లా అయిపోతాడు.

నలభై సార్లు అన్న చోట ఆగి చాలాసేపు ఏడ్చాను. అది సంతోషమే, అనుమానపడకు.

మరుసటి రోజే కోడుమూరు పోయాను, ఆమెకు చెబుదామని. అంగడిలో సుధీర్ ఫోటో కొత్తది కట్టించి పెట్టారు, యూనిఫాంలో ఉన్నది. ఇన్నాళ్లూ లోపలి గదిలో ఉండేదట. వచ్చినవాళ్లు ఎవరని అడుగుతున్నారు, ఆమె చెబుతోంది. నేను కూర్చున్నాను, విన్నాను, చెప్పకుండానే లేచాను. నాకు నిజం తెలిసింది, అది నాకు చాలు. ఆమెకు వాడు పోయి ఇరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడే కదా వాడి నోట ఒక మాట విన్నది.

నేను లేస్తుంటే ఆమె నీ ఊరు, షాపు ఎక్కడో అడిగారు. వానలు పడితే విత్తనాల పని మొదలవుతుందట, అంతకు ముందే, ఈ నెల 25 ఆదివారం శిల్పను తీసుకుని డోన్ వస్తారట. కొడుకు చెప్పినట్టు చేస్తే ఏమయ్యేదో కళ్లారా చూడాలట.

కాలినదాన్ని కాలలేదని చెప్పనని రాశావు. నాకు గుర్తుంది. అయినా అడుగుతున్నాను. ఆ రోజు పదకొండు డిగ్రీలే ఉండనీ.

వసంతకుమార్


డోన్,
మే 26, 2025

వసంతకుమార్ సార్‌కు,

నమస్కారం. నిన్న ఆమె వచ్చారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పది గంటలకు శిల్పమ్మ చెయ్యి పట్టుకుని షాపు మెట్లు ఎక్కారు. చంద్ర కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది. మావాడిది ఏ సీటని అడిగారు. కుడిది చూపించాను. చీర కుచ్చెళ్లు సర్దుకుని అందులో కూర్చున్నారు. కాళ్లు కింద పెడల్‌కు అందలేదు.

'తేట ఆకాశం' నొక్కాను. ఇప్పుడు గద్ద పడుతుందమ్మా అని చెప్పి ఇంజన్ ఆపాను. వెనక్కి తిప్పాను. దిగింది. ఆమె "ఇంగోసారి" అన్నారు. అట్లా నాలుగు సార్లు. నాలుగోసారి చక్రాలు నేలకు తగిలినప్పుడు "మేలు నాయనా" అన్నారు. నాతో కాదు.

అంతటితో అయిపోయిందనుకుని లేవబోయాను. ఆమె లేవలేదు. "ఇప్పుడు ఆ సారు పోయినట్ల పోనీ" అన్నారు.

వద్దులేమ్మా అన్నాను. శిల్పమ్మ కూడా వద్దన్నది. "ఆయప్ప ఏం జేసినాడో అదీ సూడల్ల గదా. ఒకపక్కే సూసి పోతే ఎట్ల?" అన్నారు. నేను ఆ పని ఎప్పుడూ చేసి చూడలేదు సార్. మీరు అడిగింది తిప్పమని, అదొక్కటే చేస్తూ వచ్చాను.

ఇంజన్ ఆపాను, తిన్నగా పోనిచ్చాను, ముక్కు దించాను. పొలాలు పైకి వచ్చాయి. ఆమె సీటు అంచు గట్టిగా పట్టుకున్నారు. విమానం నేలకు తగిలింది, జారింది, జారి జారి నిలిచిపోయింది. దుమ్ము కూడా లేదు.

ఆమె తెర వైపే చూస్తూ, "నిలబడిపాయనే. గట్టు యాడ?" అన్నారు.

"దీంట్లో గట్లు ఉండవమ్మా. కంప్యూటరుకు పొలమంటే చదునే" అన్నాను.

"అంటే గట్టు లేకుంటే ఇట్ల గూడా ఇద్దరూ బతికేటోళ్లే."

"బతికేటోళ్లేనమ్మా" అన్నాను. నిన్న నేను చెప్పినవాటిలో పూర్తి నిజం అదొక్కటే, కాబట్టి గట్టిగానే చెప్పాను.

సీటు అంచు వదిలారు. తర్వాత చెప్పారు. ఆ ఏడాదే, కర్మకాండలు అయ్యాక, ఆమె భర్తతో కలిసి ఆ పొలం చూడడానికి పోయారట. రెండు రోజుల ప్రయాణమట. రాళ్లు పేర్చిన ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చారట. "నేను సేద్యం ఇంట్లో పుట్టినదాన్నప్పా. పక్కన నిలబడితే గానీ నాకే కనపడల్యా అది. గరిక మొలిసి కప్పేసింది. ఆ ఎత్తు నుంచి ఆయప్పకు యాడ కనపడుతుంది?" అన్నారు.

మీరు ఆ పొలానికి మళ్లీ పోలేదనీ, గట్టు మీకు కనబడి ఉండాల్సిందని మీరు ఈనాటికీ అనుకుంటున్నారనీ నేను చెప్పాను. అది చెప్పవద్దని మీరు అనలేదు కదా. ఆమె చాలా ఆశ్చర్యపోయారు. మీరు రెండుసార్లు అంగడికి వచ్చి కూర్చుని ఈ మాట ఎందుకు అడగలేదని నన్ను తిట్టారు, మీ వంతు కూడా నాకే పడింది. మావాడు చెప్పిందీ సరే, ఆయప్ప చేసిందీ సరే అన్నారు. వేడి సంగతి నేను ఎత్తలేదు. ఇక ఎప్పటికీ ఎత్తను.

ఆటో ఎక్కబోయి ఆగి, మీకు ఉత్తరం రాస్తావా అని అడిగారు. రాస్తానన్నాను. ఏం రాయమంటారమ్మా అంటే, రోడ్డు మీద అందరూ చూస్తుండగా చీర కాస్త పైకెత్తి, మోకాలి కింద చెయ్యి అడ్డం పెట్టి చూపించారు.

"గట్టు ఇంతే ఉన్నిందని రాయి" అన్నారు.

కంబన్న